వాచీ ఉంచుకోవాలా? మార్చుకుంటూ పోవాలా?

మా రూమ్మేట్‌కి ఇంకా ఉద్యోగం రాలేదు. ఉన్నది సెకండియర్ కాబట్టి వచ్చే టైమూ కాదు. కానీ మొదటి జీతాలు కూడబెట్టి ఏ వాచీ కొనాలో మాత్రం వాడు ఖాయం చేసేసుకున్నాడు. లక్ష రూపాయల స్విస్ వాచీ. ఐదేళ్ళు పెట్టుకుని అమ్మేస్తాడట. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. అలా ఎక్కుతూ ఎక్కుతూ రిటైరయ్యేలోపు రోలెక్స్ దాకా వెళ్తాడట. "వాచీ ఖర్చు కాదురా, ఆస్తి" అన్నాడు. నేనేమో ఒకటే కొని జీవితాంతం ఉంచుకోవాలన్నాను. రాత్రి మెస్‌లో మొదలైన ఈ గొడవ మర్నాడు డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ దాకా నడిచింది. ఇద్దరమూ సీఎస్ఈ కాబట్టి చివరికి ఎక్సెల్ షీట్ తెరిచాం.

కొత్త వాచీ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే మొత్తం బిల్లు లక్ష అయితే అందులో సుమారు 15,250 రూపాయలు పన్నే. దాని మీద దిగుమతి సుంకం, షాపువాడి లాభం కూడా ఉంటాయి. వాచీ కట్టుకుని షాపు మెట్లు దిగేసరికి ఆ డబ్బు ఎటో వెళ్ళిపోయినట్టే. రేపు మన దగ్గర కొనేవాడు "మీరు కట్టిన పన్ను కూడా నేనే ఇస్తానండి" అనడు కదా. పైగా వాడు మధ్యవర్తి అయితే తన లాభం కూడా చూసుకుంటాడు. అందుకే మేం ఒక లెక్క అనుకున్నాం. లక్షకి కొన్నది ఐదేళ్ళ తర్వాత 65 వేలకి పోతుందని. ఇది మా ఊహే, మీకు నచ్చిన అంకె వేసుకోండి.

22 ఏళ్ళకి మొదలెట్టి 62 ఏళ్ళ దాకా ఐదేళ్ళకోసారి అమ్మితే ఎనిమిది అమ్మకాలు. ఒక్కోసారి 35 వేలు చొప్పున మొత్తం 2,80,000 పోతాయి. వాచీ ధర అక్కడే లక్ష దగ్గర ఆగిపోయిందనుకుంటేనే ఇంత. అదే ఒక్క వాచీ ఉంచుకుని ఐదేళ్ళకోసారి ఎనిమిది వేలు పెట్టి సర్వీసింగ్ చేయిస్తే 64,000. నేను గెలిచాననుకున్నా.

మావాడు కాలిక్యులేటర్ లాక్కున్నాడు. 2,80,000ని 480 నెలలతో భాగించి నా ముందు పెట్టాడు. నెలకి 583 రూపాయలు. "నలభై ఏళ్ళలో ఎనిమిది కొత్త వాచీలు కట్టుకోడానికి ఇది అద్దె. నువ్వు నెలకి బిర్యానీకి ఎంత తగలేస్తున్నావు?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. నిజానికి అది మంచి వాదన. మొదటి యజమాని నష్టపోయిన తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికైతే ఈ అద్దె ఇంకా తగ్గుతుంది. ఒక్కో మార్పుకి 15 వేలే పోతాయనుకుంటే నెలకి 250. మార్చుకోవడం సరదా అనుకుంటే ఆ సరదాకి ఇదేం పెద్ద ధర కాదు. కానీ వాడు మొదట అన్న మాట "ఆస్తి" అని. అద్దె కట్టేదాన్ని ఎవరూ ఆస్తి అనరు.

ఈ విషయం మా మామ్మకి ఎక్సెల్ లేకుండానే తెలుసు. బంగారం మార్చుకోవడం గురించి ఆవిడ అనేది ఇదీ: "మూడుసార్లు మార్చి చేయించినావంటే ఒక గాజు కొట్టోడికి ఉట్టినే ఇచ్చినట్టే." పాతది ఇచ్చినప్పుడు తరుగు తీస్తారు, కొత్తది చేసినప్పుడు తరుగూ మజూరీ మళ్ళీ వేస్తారు. (ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు 'మజూరీ' అనే మాట అర్థమైంది ఆవిడ దగ్గరే.) వాచీలకీ అంతే, కాకపోతే అక్కడ తరుగు బిల్లులో కనపడదు. ఇంకో పెద్ద తేడా ఉంది. గాజు వంకరపోయినా, విరిగినా, పాతదైపోయినా కరిగిస్తే బంగారమే. స్టీలు వాచీని కరిగిస్తే గుప్పెడు స్టీలు కూడా రాదు. దాని ధరంతా ఎదుటివాడికి అది కావాలనిపించడంలోనే ఉంది. ఆ కోరిక పోతే ధర పోతుంది.

2022లో జరిగిందదే. కరోనా రోజుల్లో రోలెక్స్ లాంటి కొన్ని వాచీల సెకండ్ హ్యాండ్ ధరలు షోరూం ధరల్ని దాటిపోయాయి. షోరూంలో అడిగితే వెయిటింగ్ లిస్టు, బయట కొంటే ఎక్కువ ధర. వాచీలు షేర్లలా పెరుగుతాయని యూట్యూబ్ నిండా వీడియోలు వచ్చాయి. 2022 మొదట్లో ధరలు శిఖరానికి చేరి, ఆ తర్వాత కిందికి దిగాయి. ఆ శిఖరం మీద కొన్నవాళ్ళ వీడియోలు మనకి పెద్దగా కనపడవు. షోరూం ధర కన్నా ఎక్కువకి అమ్ముడయ్యేవి కొన్ని కంపెనీల్లో కొన్ని మోడళ్ళు మాత్రమే. మిగతావన్నీ మెట్లు దిగగానే తగ్గేవే. మా రూమ్మేట్ మొదటి లక్షకి వచ్చేవి ఈ రెండో రకం.

"అయితే ఉంచుకోవడమే మంచిదన్నమాట" అనుకుంటున్నారా? నేనూ అక్కడే ఆగిపోయేవాణ్ణి. కానీ ఉంచుకోవడం అంటే ఏమిటో నాకు తెలియదని తర్వాత అర్థమైంది.

కీ ఇచ్చే వాచీ లోపల ఒక చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. మనం కీ తిప్పితే అది బిగుసుకుంటుంది. మెల్లగా విప్పుకుంటూ పళ్ళ చక్రాల్ని తిప్పుతుంది. అది ఒక్కసారిగా విప్పుకోకుండా ఆపుతూ వదులుతూ ఉండే భాగం ఒకటి, ఆ ఆపడానికి లయ ఇచ్చే బాలెన్స్ చక్రం ఒకటి. టిక్ టిక్ అని వినపడేది ఆ ఆపడం, వదలడమే. పాత హెచ్ఎంటీ కీ వాచీల్లో ఇది గంటకి 18,000 సార్లు జరుగుతుంది, అంటే సెకనుకి ఐదు. రోజుకి 4,32,000. ఏడాదికి 15 కోట్ల 76 లక్షల పైచిలుకు. నేను రాసిన ఏ ప్రోగ్రామూ అన్నిసార్లు క్రాష్ అవకుండా నడవలేదు.

అన్నిసార్లు రాసుకునే ఇరుసులు అరిగిపోకూడదని వాటి చివర్లు కృత్రిమ కెంపుల్లో కూర్చోబెడతారు. డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉండేది ఆ రాళ్ళ గురించే. ఆ రాళ్ళ దగ్గర చుక్కలో చుక్కంత నూనె వేస్తారు. ఆ నూనె వాడినా, వాడకపోయినా ఏళ్ళు గడిస్తే చిక్కబడుతుంది, ఎండుతుంది. ఎండిపోయాక కూడా కీ ఇచ్చి నడిపిస్తే లోహం లోహాన్ని తింటుంది. బీరువాలో పట్టుచీరల మధ్య దాచిన వాచీ భద్రంగా ఉందనుకుంటాం, కానీ లోపల అది ఎండిపోతూనే ఉంటుంది. బ్యాటరీ వాచీ అయితే ఇంకా ఘోరం. అయిపోయిన బ్యాటరీ తీయకుండా వదిలేస్తే అది కారి లోపలి సర్క్యూట్‌ని పాడుచేస్తుంది.

కాబట్టి ఉంచుకోవడం ఒకసారి తీసుకునే నిర్ణయం కాదు, కొన్నేళ్ళకోసారి డబ్బిచ్చి చేయించే పని. దానికి మూడు కావాలి: విడిభాగాలు, చేసే మనిషి, చేయించాలన్న బుద్ధి. నాకు ఆ మూడోది లేకపోయింది.

మా తాతయ్య బొబ్బిలి దగ్గర పల్లెలో స్కూలు మేస్టారు. పెళ్ళిలో అత్తవారు పెట్టిన హెచ్ఎంటీ జనతా ఆయన చేతికి ఉండేది. ఇప్పుడు హెచ్ఎంటీని లగ్జరీ అంటే నవ్వుతారు. కానీ ఆ తరంలో పెళ్ళికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో అంటే అదే పెద్ద లాంఛనం. ఊళ్ళో చేతికి వాచీ ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేవారట. బెంగళూరులో హిందుస్తాన్ మెషిన్ టూల్స్ కంపెనీ జపాన్ వాళ్ళ సిటిజన్‌తో కలిసి వాచీలు మొదలెట్టింది 1961లో. అంతకు ముందు మన దగ్గర వాచీ అంటే విదేశీ సరుకే. తర్వాత 1984లో టైటాన్ కంపెనీ పుట్టి, క్వార్ట్జ్ వాచీలతో జనం అభిరుచినే మార్చేసింది. హెచ్ఎంటీ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. దాని వాచీల సంస్థ మూసివేతకి కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో ఒప్పుకుంది.

తాతయ్య జనతా అంతకు ముందే ఆగిపోయింది. బాగుచేయించాలని ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు, ఎవరం పట్టించుకోలేదు. 2022లో నేను ఇంటర్ ఫస్టియర్. దసరా, పైడితల్లమ్మ పండగ రోజుల్లో ఒక షాపులో ఆఫర్ పెట్టారు: పాత వాచీ ఏదైనా, ఏ స్థితిలో ఉన్నా తెస్తే స్మార్ట్ వాచీ మీద ఏడొందలు తగ్గింపు. తాతయ్యని అడిగాను. "ఆగిపోయింది కదరా, తీసుకుపో" అన్నారు. షాపతను దాన్ని తిప్పి కూడా చూడలేదు. కౌంటర్ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. అందులో అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

ఆ స్మార్ట్ వాచీ రెండేళ్ళు కూడా ఉండలేదు. ముందు అప్‌డేట్లు ఆగిపోయాయి, తర్వాత ఛార్జింగ్ పట్టడం మానేసింది. బ్యాటరీ మార్చాలంటే తెరిచి అతికించే ఖర్చుకి కొత్తదే వస్తుందన్నారు. ఇప్పుడది నా డ్రాయర్లో పాత ఇయర్‌ఫోన్ల పక్కన ఉంది. తాతయ్యకి ఇప్పటికీ ఒక అలవాటు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ చెయ్యి పైకెత్తి చూసుకుంటారు. అక్కడేమీ ఉండదు. అప్పుడు గోడ గడియారం వైపు తిరుగుతారు.

ఏడొందలకి అమ్ముకున్నానని నా బాధ కాదు. దాని ధర అప్పట్లో దాదాపు అంతే ఉండొచ్చు. అది ఆగిపోయిందంటే పోయిందనుకున్నాను చూడండి, అదీ తప్పు. మన కోర్సులో లెగసీ కోడ్ గురించి చెప్తుంటే ఎవరూ ముట్టుకోని పాత ప్రోగ్రామ్ అని రాసుకున్నాం కదా. నడవకపోవడం వేరు, నడిపేవాడు లేకపోవడం వేరు.

అలాగని అమ్మినవాళ్ళందరూ నాలాంటి తెలివితక్కువవాళ్ళు అనుకోకండి. మా మావయ్య సంగతి వినండి. ఆయనది సోంపేట వైపు, ఉద్దానం. అక్కడ చాలా ఇళ్ళల్లో ఒకరైనా గల్ఫ్‌లో వెల్డరో రిగ్గరో అయ్యుంటారు. మావయ్య కూడా దుబాయ్‌లో వెల్డింగ్ చేశారు. అక్కడ మొదట ఒక సీకో కొన్నారు, అది అమ్మి సిటిజన్, కొన్నేళ్ళకి దాన్నీ అమ్మి రాడో. సెలవుల్లో ఊరొచ్చినప్పుడు రాడో చూడ్డానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చేవారని అమ్మ చెప్తుంది. గీత పడదని చెప్పి తాళంచెవితో గీసి చూపించేవారట. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకి రాడో అంటే మెడలో గొలుసుతో సమానం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మావయ్యవాళ్ళ ఇంటి పైకప్పు రేకులు ఎక్కడ పడ్డాయో కూడా తెలియలేదు. ఆ నెలలోనే ఆయన విశాఖ వెళ్ళి రాడో అమ్మేశారు. కొన్న ధరలో సగం కూడా రాలేదు. వచ్చినదానితో రేకులు కొన్నారు.

మొన్న సంక్రాంతికి అడిగాను, "అమ్మినందుకు బాధ లేదా మావయ్యా?" అని.

"బాధేటిరా? కొబ్బరి చెట్టు చేతికి కట్టుకోగలనా? తోటంతా పోనాది. వాచీ కాబట్టి నా చేతికి ఉండిపోనాది" అన్నారు.

మా ఎక్సెల్ షీట్‌లో ఈ కాలమ్ లేదు. సగం ధరకి అమ్మడం మా లెక్కలో నష్టం. ఆయన లెక్కలో అది మూడు రోజుల్లో చేతికొచ్చిన డబ్బు. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. బ్యాంకు దాకా వెళ్ళాలంటే దారుల్లో చెట్లు పడి ఉన్నాయి. అందరికీ తెలిసిన పేరున్న వాచీ అయితేనే ఇలా తొందరగా అమ్ముడవుతుందని కూడా ఆయనే చెప్పారు. రూమ్మేట్‌కి ఇది చెప్తే వాడు ఎగిరి గంతేశాడు, "చూసావా, ఆస్తే!" అని. నేను ఒప్పుకోను. మావయ్య లాభం కోసం అమ్మలేదు, గతిలేక అమ్మారు. మళ్ళీ కొనలేదు కూడా. ఇప్పుడు ఫోన్‌లోనే టైము చూసుకుంటారు.

అమ్మడం, ఉంచుకోవడం కాక మూడోది ఇంకొకటుంది, ఇచ్చెయ్యడం. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కార్ రేసులకి వెళ్ళేవాడు. ఆయన భార్య ఒక రోలెక్స్ డేటోనా కొని, వెనక జాగ్రత్తగా నడపమని చెక్కించి ఇచ్చింది. ఆయన దాన్ని రోజూ వాడాడు. 1984లో తన కూతురి స్నేహితుడు ఒకతనికి టైమెంత అంటే తెలియలేదు, చేతికి వాచీ లేదు. అప్పుడు తన చేతిది తీసి ఇచ్చేశాడు. అదే వాచీ 2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకి పైగా పలికింది. ఈ కథని "ఉంచుకుంటే కోట్లు వస్తాయి" అని చెప్పేవాళ్ళు ఎక్కువ. నాకు అలా అనిపించలేదు. అది పలికిన ధర పాల్ న్యూమన్ చేతి ధర. మన చేతి వాచీకి మన ఇంట్లోనే ధర.

ఈ ఇంటి ధర గురించి వాచీల కంపెనీలకి బాగా తెలుసు. పటేక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీ 1996 నుంచి తండ్రీ కొడుకుల ఫొటోలతో ప్రకటనలు వేస్తోంది. వాచీ మీది కాదు, తర్వాతి తరం కోసం మీరు కాపలా ఉంటున్నారు అనేది దాని సారాంశం. అందంగానే ఉంటుంది. కానీ కొత్త వాచీలు అమ్ముకునేవాడు పాతవి అమ్మొద్దని ఎందుకు చెప్తాడో కూడా ఆలోచించాలి. పాతవి బజారులోకి ఎంత తక్కువ వస్తే కొత్తవాటికి అంత గిరాకీ. అయినా ఆ కంపెనీని ఒక విషయంలో మెచ్చుకోవాలి. 1839 నుంచి తాము చేసిన ఏ వాచీనైనా బాగుచేస్తామంటుంది. ఉంచుకోమని చెప్పేవాడు కనీసం ఆ మాట ఇవ్వాలి. నా స్మార్ట్ వాచీ కంపెనీ రెండేళ్ళకి కూడా ఇవ్వలేదు.

మరి కంపెనీయే లేని హెచ్ఎంటీ సంగతి? ఇది తెలుసుకుందామని విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం, ముందు చిన్న బల్ల, పక్కన బిస్కెట్ డబ్బా. డబ్బా నిండా చచ్చిపోయిన హెచ్ఎంటీలు. ఒకదాని చక్రం తీసి ఇంకోదానికి వేస్తారు. లక్షలమంది ఇళ్ళల్లో ఉండేవి కాబట్టి విడిభాగాలకి లోటు లేదట. పేరుకి కంపెనీ పోయినా, జనం దగ్గర ఉన్న పాత వాచీలే ఇప్పుడు గోడౌన్.

నేను నా జనతా కథ చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"ఆగిపోనాదంటే సచ్చిపోనాదని కాదు బాబూ. నూనె ఎండిపోనాది, అంతే. సామాను దొరుకుతాది. సేసేవోడే దొరకడు. నా తర్వాత ఈ బల్ల దగ్గర ఎవుడూ కూకోడు" అన్నారు.

ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చినవి ఎక్కడికి వెళ్తాయని అడిగాను. కొన్ని తుక్కుకి పోతాయి, కొన్నిటి డయల్‌కి కొత్తగా రంగేసి, మెరిసే అక్షరాలు అచ్చేసి ఆన్‌లైన్‌లో 'పాత హెచ్ఎంటీ' అని అమ్ముతారు అన్నారు. కంపెనీ మూతపడుతుందన్న వార్తలు వచ్చాక ఆ వ్యాపారం బాగా పెరిగింది. మీలో ఎవరైనా ముచ్చటపడి కొనాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ళ వాచీకి డయల్ మాత్రం నిన్న చేసినట్టు ఎర్రగానో నీలంగానో మెరుస్తోందంటే అది నిన్న చేసిందే. బిస్కెట్ డబ్బాలో నా కళ్ళు కాసేపు వెతికాయి. తాతయ్య జనతాకి ఆరు అంకె దగ్గర అద్దం మీద గీత ఉండేది. అలాంటిది కనపడలేదు. ఆయన ఇంకో జనతా చూపించి, బాగుచేసి ఇస్తాను పట్టుకెళ్ళి తాతకి కట్టు అన్నారు. ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చి బీరువా వెతికాను. మావయ్య తన మొదటి సీకో అమ్మేశారు గానీ, అమ్మ పెళ్ళికి నాన్నకి పెట్టిన సీకో ఫైవ్ ఇంకా ఉంది. ఊపితే రెండు నిమిషాలు నడిచి ఆగిపోతోంది. వారం పేరు 'గురువారం' దగ్గర ఇరుక్కుంది. నాన్నకి అది ఉన్న సంగతే గుర్తులేదు. మర్నాడు పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. వెనక మూత తీసి, భూతద్దం లోంచి చాలాసేపు చూశారు. తుప్పు లేదన్నారు. తొమ్మిదొందలు, పది రోజులు పడుతుందన్నారు. రసీదు ఇవ్వలేదు గానీ నా ఫోన్ నంబరు ఒక సిగరెట్ అట్ట మీద రాసుకుని వాచీతో పాటు కవర్లో పెట్టారు.

రూమ్మేట్ మాత్రం ఇప్పటికీ ఆ స్విస్ వాచీ కొంటానంటున్నాడు. కొత్తది కాకుండా సెకండ్ హ్యాండ్‌లో కొంటాడట ఇప్పుడు. ఎక్సెల్ షీట్ వాడి దగ్గరే ఉంది.